సెటిల్‌మెంట్ కంపెనీలో చేరాలా? బ్యాంకు కలెక్షన్స్‌లో పనిచేసినవాడి జవాబు

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం, మిగతావాళ్లకూ అర్థమవుతుంది. ఊరు అనంతపురం, ఉండేది బెంగళూరు మారతహళ్లి. ఆర్నెల్లు ఉద్యోగం లేక ఖాళీగా ఉన్నారు, ఇప్పుడు 65,000 జీతం మీద కొత్తది దొరికింది. మూడు క్రెడిట్ కార్డుల మీద 60,000, 1,45,000, 2,15,000 చొప్పున 4,20,000 బాకీ. బ్యాంకు పర్సనల్ లోన్ 4,30,000, యాప్‌లో తీసుకున్న ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) లోన్ 2,50,000. మొత్తం 11 లక్షలు. కార్డులు రెండు నెలలుగా కట్టలేదు, లోన్లకు ఒక్కో ఈఎంఐ తప్పింది. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని ఒక సెటిల్‌మెంట్ కంపెనీ (ఫీజు తీసుకుని, అప్పు ఇచ్చినవాళ్లతో మాట్లాడి బాకీ తగ్గించి ముగిస్తామనే సంస్థ) వాళ్లు ‘అన్నీ సగానికి క్లోజ్ చేయిస్తాం, 18 నెలలు పడుతుంది, ఇవాళ్టి నుంచి ఎవరికీ ఏమీ కట్టొద్దు, కాల్స్ సంగతి మేం చూసుకుంటాం’ అన్నారు. ఫీజు జీఎస్టీతో కలిపి నెలకు 7,000, ఆపైన సెటిల్ అయిన మొత్తంలో 15 శాతం, దాని మీద జీఎస్టీ. మొదటి నెల ఫీజు కట్టేశారు. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

నా సమాధానం: మీ పరిస్థితిలో వద్దు. వేరే పరిస్థితిలో ఉన్న కొందరికి ఈ కంపెనీలు పనికొచ్చాయి, ఆ సంగతీ చెబుతాను. నేను ఈ ఊళ్లోనే ఒక ప్రైవేటు బ్యాంకులో రిటైల్ కలెక్షన్స్, అంటే మామూలు కస్టమర్ల బాకీల వసూలు, చూశాను, చాలా ఏళ్లు. సెటిల్‌మెంట్ కంపెనీల మెయిల్స్ వచ్చిపడేది మా టేబుల్ మీదికే. ఇప్పుడు ఆ ఉద్యోగంలో లేను, తెలిసినవాళ్లు అప్పుల కాగితాలు పట్టుకొస్తే చూసిపెడుతుంటాను. నా మాటలో బ్యాంకు వాసన కొంచెం తగిలితే సర్దుకోండి.

మొదట వాళ్లు చెప్పిన లెక్కే వేద్దాం. 11 లక్షల్లో సగం 5,50,000. దాని మీద 15 శాతం, జీఎస్టీతో కలిపితే 97,350. నెలకు 7,000 చొప్పున 18 నెలలకు 1,26,000. మొత్తం 7,73,350. అంటే ‘సగం’ అన్నది నిజానికి 70 శాతం. సరే, 70 శాతమైనా 30 మిగిలింది కదా అంటారు. ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది? మీ జీతంలో అద్దె, ఇంటి ఖర్చు, ఊరికి పంపేది పోను 33,000 మిగులుతుందని రాశారు. అందులో 7,000 కంపెనీకి పోతే 26,000. 18 నెలలు ఒక్క రూపాయి ముట్టకుండా దాచినా 4,68,000. కావలసింది సెటిల్‌మెంట్ డబ్బు, 15 శాతం ఫీజు కలిపి 6,47,350. వాళ్ల ప్లాను వాళ్ల అంకెల ప్రకారమే తేలడం లేదు. ఈ లెక్క వాళ్లు మీకు కాగితం మీద వేసి చూపించారా? చూపించి ఉండరు.

ఇంకో మెలిక, దేంట్లో సగం? ఇవాళ్టి బాకీలోనా, 18 నెలల తర్వాత ఉండే బాకీలోనా? కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం అనుకుందాం, చాలా కార్డులకు అటూ ఇటూగా అంతే ఉంటుంది. 4,20,000 మీద నెలకు 14,700, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 2,646. నెలకు 17,346 పెరుగుతుంది. వడ్డీ మీద వడ్డీ, లేట్ ఫీజు వదిలేసినా 18 నెలల్లో 3,12,000 దాటుతుంది. అప్పుడు కార్డుల బాకీ 7,32,000. అందులో సగం 3,66,000. ఇవాళ్టి బాకీలో సగమైతే 2,10,000. ‘50 శాతం తగ్గించాం’ అని రెండింటికీ చెప్పుకోవచ్చు, ఎవరూ అబద్ధమనలేరు. నేను చూసిన ఒప్పందాల్లో ఎక్కువభాగం ‘ఆనాటి బాకీ’ అనే మాటతోనే ఉండేవి. మీ ఒప్పందంలో ఏముందో ఇవాళే చూడండి.

ఇప్పుడు అసలు విషయం. బ్యాంకు ఎంత తగ్గిస్తుందనేది ఆ కంపెనీ ఎంత బాగా మాట్లాడిందన్నదాన్ని బట్టి ఉండదు. అప్పు ఎన్నాళ్లుగా నిలిచిపోయింది, తాకట్టు ఏమైనా ఉందా, కస్టమర్‌కు ఇప్పుడు ఆదాయం ఉందా, చేతిలో ఏకమొత్తంగా ఎంత ఉంది, ఇవే చూస్తారు. 2023 జూన్ 8న రిజర్వు బ్యాంకు రాజీ సెటిల్‌మెంట్ల మీద ఒక ఫ్రేమ్‌వర్క్ ఇచ్చింది. దాని ప్రకారం ప్రతి బ్యాంకుకూ, ఎన్‌బీఎఫ్‌సీకీ బోర్డు ఆమోదించిన పాలసీ ఉండాలి, ఎంత వదులుకోవచ్చో, ఎవరు ఓకే చెప్పాలో అందులో ఉంటుంది. మా దగ్గర అది ఒక పట్టీ లాగా ఉండేది. ఇన్ని రోజులు దాటితే ఇంతవరకు కింది మేనేజరు, అంతకు మించితే పైవాడు. పట్టీలో ఉన్నదే కస్టమర్ నేరుగా వచ్చినా దొరికేది, కంపెనీ ద్వారా వచ్చినా దొరికేది. చాలాసార్లు కంపెనీ నుంచి పొడుగాటి లీగల్ భాషలో మెయిల్ వచ్చేది, మేం ‘కస్టమర్‌తోనే మాట్లాడతాం’ అని జవాబిచ్చేవాళ్లం. తర్వాత నెలాఖరులో, టార్గెట్ తగ్గిందనుకుంటే మా ఏజెన్సీ కుర్రాడే కస్టమర్‌కు ఫోన్ చేసి ఆఫర్ చెప్పేవాడు. మార్చిలో అయితే ఇంకా ధారాళంగా. ఆ ఆఫర్‌ను కస్టమర్ తీసుకెళ్లి కంపెనీకి చూపిస్తే, ‘మేమే తెప్పించాం’ అని 15 శాతం బిల్లు వేసేవాళ్లు.

మరి వాళ్లు ‘కట్టొద్దు’ అని ఎందుకంటారు? ఈఎంఐ 90 రోజులు దాటితే ఆ అప్పు ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అవుతుంది. మామూలుగా అప్పటిదాకా బ్యాంకు అసలు తగ్గించడానికి కూర్చోదు. కాబట్టి సెటిల్‌మెంట్ కావాలంటే ముందు మీరు ఎగవేతదారు కావాలి. కంపెనీ వ్యాపారమంతా ఈ ఎదురుచూపు మీదే నడుస్తుంది. బాకీ పాతబడే కొద్దీ ఆఫర్ మెరుగవుతుంది, ఆ పాతబడే నెలలన్నిటికీ మీరు వాళ్లకు ఫీజు కడతారు. ఆ నెలల్లో వాళ్లు చేసే పని చాలా తక్కువ. అమెరికాలో ఇదే గొడవ ముదిరి, ఫోన్లో అమ్మే ఇలాంటి సర్వీసులు ఒక్క అప్పయినా సెటిల్ చేయకముందే ఫీజు తీసుకోకూడదని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2010లోనే నిషేధం పెట్టింది. మన దగ్గర అలాంటి నియమం లేదు. ఈ కంపెనీలకు రిజర్వు బ్యాంకు లైసెన్సంటూ ఏమీ ఇవ్వదు. గోడ మీద పెట్టుకున్న సర్టిఫికెట్ చాలావరకు మామూలు కంపెనీ రిజిస్ట్రేషనే. ‘రుణమాఫీ సర్టిఫికెట్’ ఇస్తామని సర్వీసు ఫీజు, లీగల్ ఫీజు వసూలు చేసేవాళ్లను నమ్మొద్దని రిజర్వు బ్యాంకు 2023 డిసెంబరులో ప్రజలను హెచ్చరించింది కూడా. మీ వాళ్లు ఆ కోవకు చెందినవాళ్లని నేననడం లేదు, ఆ మాట వాళ్ల నోట వస్తే మాత్రం లేచి వచ్చేయండి.

కాల్స్ గురించి. ఎక్కువమంది చేరేది డబ్బు తగ్గుతుందని కాదు, ఫోన్ మోగకుండా ఉంటుందని. ఆ టెన్షన్ ఎలాంటిదో నాకు తెలుసు. ఫోన్ చేయించిన పక్కన కూర్చున్నవాణ్ణి కాబట్టి బాగా తెలుసు. కానీ కంపెనీ చెప్పినంత మాత్రాన బ్యాంకు మీకు ఫోన్ చేయడం మానదు. వాళ్లు చేసేదల్లా ఒక నంబరిచ్చి, కాల్స్ దానికి ఫార్వర్డ్ చేయమనడం. లేదా సిమ్ మార్చమనడం. సిమ్ మార్చిన కస్టమర్‌ను మా సిస్టంలో ‘దొరకడం లేదు’ అని గుర్తు పెట్టేవాళ్లం, ఆ గుర్తు పడగానే ఫైలు ఫీల్డు ఏజెన్సీకి పోయేది. అక్కణ్ణుంచి పీజీకి, ఆఫీసు రిసెప్షన్‌కు, ఆధార్‌లో ఉన్న ఊరి చిరునామాకు మనుషులు. రిఫరెన్సుగా ఇచ్చిన మేనమామకు ఫోన్. అనంతపురంలో మీ ఇంటి తలుపు ఎవరో కొడితే మీ ఆవిడకు విషయం తెలియడం కన్నా, మీ నోటితో తెలియడం మేలు. ఈ వారమే చెప్పేయండి.

ఏజెంట్లను నిలువరించే నియమాలు మాత్రం ఉన్నాయి, వాటికి కంపెనీ అక్కర్లేదు. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత వసూలు కోసం ఫోన్ చేయకూడదు. బెదిరించకూడదు, నలుగురిలో పరువు తీయకూడదు, ఇంట్లోవాళ్లను, స్నేహితులను వేధించకూడదు. 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు దీన్ని మరోసారి గట్టిగా చెప్పింది. కాల్ రికార్డు పెట్టుకోండి, ఏజెంటు పేరు, ఏజెన్సీ పేరు అడగండి, తేదీ, టైము రాసి బ్యాంకు ఫిర్యాదుల మెయిల్‌కు పంపండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదులు విచారించే అధికారికి) సీఎంఎస్ అనే ఆన్‌లైన్ ఫిర్యాదుల పోర్టల్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు, సందేహాలకు 14448కు ఫోన్ చేయవచ్చు. అంబుడ్స్‌మన్ పేరెత్తితే ఏజెన్సీ మీద మా వైపు నుంచి ఎంత ఒత్తిడి వెళ్లేదో చెప్పలేను, ఆ కుర్రాణ్ణి మరుసటి రోజే ఆ ఫైలు నుంచి తప్పించేవాళ్లు. అయితే ‘నాకు ఇంత తగ్గించండి’ అని అంబుడ్స్‌మన్ ద్వారా ఒత్తిడి తేవడం కుదరదు. అది బ్యాంకు వ్యాపార నిర్ణయం, ఆయన అందులో తలదూర్చరు. ఇక లోన్ యాప్ వాళ్లు ఫొటోలు మార్ఫింగ్ చేసి కాంటాక్టులకు పంపడం లాంటివి చేస్తే అది సైబర్ నేరం, 1930కి ఫోన్ చేయాలి.

‘ఇది సివిల్ మ్యాటర్, జైలూ గియిలూ ఉండదు, నోటీసులొస్తే మాకు వాట్సాప్ చేయండి చాలు’ అని కూడా చెప్పి ఉంటారు. సగం నిజం. అప్పు కట్టలేకపోవడం నేరం కాదు. కానీ లోన్‌కు చెక్కు ఇచ్చి ఉంటే, అది బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ కింద క్రిమినల్ కేసే. ఈఎంఐ ఆటో డెబిట్ మ్యాండేట్ డబ్బుల్లేక తిరిగిపోయినా 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ కింద అలాంటి కేసే వేయవచ్చు. రెండింటికీ రెండేళ్ల దాకా శిక్ష గానీ, మొత్తానికి రెండింతల దాకా జరిమానా గానీ, రెండూ గానీ ఉంటాయి. నోటీసు అందాక 15 రోజుల్లో కట్టేస్తే కేసు దాకా పోదు. ఆ 15 రోజుల నోటీసును ‘లీగల్ టీమ్ చూసుకుంటుంది’ అని వదిలేస్తే పోతుంది.

ఎన్‌బీఎఫ్‌సీ లోన్లలో ఇంకోటుంది, ఆర్బిట్రేషన్, అంటే కోర్టు బయట మధ్యవర్తి తీర్పు. మీ యాప్ లోన్ ఒప్పందంలో ఆ క్లాజు తప్పకుండా ఉండి ఉంటుంది. నోటీసు మెయిల్‌కే వస్తుంది, ప్రమోషన్ల ఫోల్డర్‌లో పడి ఉంటుంది. రామమూర్తి నగర్‌లో ఒక కడప అబ్బాయి కాగితాలు నా దగ్గరికి వచ్చేసరికి, అతను హాజరు కాలేదని ఏకపక్షంగా అవార్డు (మధ్యవర్తి తీర్పు) అయిపోయి, దాని అమలు కోసం సిటీ సివిల్ కోర్టులో పిటిషన్ కూడా పడింది. ఆ మెయిల్స్ అన్నీ అతను ఎప్పటికప్పుడు కంపెనీకి ఫార్వర్డ్ చేస్తూనే ఉన్నాడు. అటువైపు నుంచి ‘నోటెడ్, రిలాక్స్’ అని జవాబు. ఆ రెండు మాటలు ఇప్పటికీ గుర్తున్నాయి. రుణం ఇచ్చినవాళ్లు తామొక్కరే నియమించుకున్న ఆర్బిట్రేటర్ చెల్లడని సుప్రీంకోర్టు 2019లోనే చెప్పింది, అవార్డు కొట్టేయమని అడగడానికి అది అందాక మూడు నెలల గడువూ ఉంటుంది. మొదటి నోటీసుకే ఒక లాయరు చేత ఒక పేజీ అభ్యంతరం రాయించి ఉంటే కథ వేరేగా ఉండేది. అమలు దాకా వస్తే జీతం మీదికి రావచ్చు. అప్పుడు కూడా మొదటి 1,000 రూపాయలు, మిగతాదాంట్లో మూడింట రెండు వంతులు జప్తు చేయడానికి వీల్లేదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ కాపాడుతుంది. మిగిలిన వంతు పోయినా 65,000 జీతగాడికి అది చిన్నది కాదు.

‘మూడేళ్లు ఆగితే అప్పే చెల్లదు’ అనేది కూడా వాళ్ల కౌన్సెలర్లు చెప్పే మాటే. మూడేళ్లు దాటితే కోర్టుకు వెళ్లే హక్కు పోతుంది, అప్పు పోదు, సిబిల్‌లో, అంటే మన అప్పుల చరిత్ర రాసిపెట్టే క్రెడిట్ రిపోర్టులో, మచ్చా పోదు. మధ్యలో మీరు కొంచెం కట్టినా, బాకీ ఉందని ఒప్పుకుంటూ సంతకం చేసినా మూడేళ్లు మళ్లీ మొదటి నుంచి మొదలు. అమెరికాలో లాగా వ్యక్తులు సులువుగా దివాలా ప్రకటించుకుని బయటపడే దారీ మనకు లేదు. దివాలా చట్టంలో వ్యక్తుల భాగం ఇంతవరకు కంపెనీ అప్పులకు హామీ ఉన్నవాళ్లకే అమల్లోకి వచ్చింది.

సిబిల్ విషయం ఎవరూ పూర్తిగా చెప్పరు. పూర్తిగా కట్టేస్తే రిపోర్టులో ‘క్లోజ్డ్’, తగ్గించి కట్టితే ‘సెటిల్డ్’. ఆ సమాచారాన్ని ఏడేళ్లయినా దాచి ఉంచాలని నియమం. సెటిల్ చేసుకున్నవాళ్లకు అదే బ్యాంకు కనీసం 12 నెలలు కొత్త అప్పు ఇవ్వకూడదని 2023 ఫ్రేమ్‌వర్క్‌లోనే ఉంది, బ్యాంకు ఇంకా ఎక్కువ కాలం పెట్టుకోవచ్చు. కేఆర్ పురం దగ్గర ఫ్లాటు చూసుకున్న ఒక దంపతులు, అంతకు కొన్నేళ్ల ముందు ఒక కార్డును కంపెనీ ద్వారా సెటిల్ చేసుకున్నారు. హోమ్ లోన్‌కు వెళ్తే ఆ ఒక్క ‘సెటిల్డ్’ దగ్గర ఆగిపోయింది. చివరికి ఆ కార్డు బ్యాంకుకే పోయి, అప్పట్లో వదిలేసిన తేడా కట్టి, క్లోజ్డ్ అని మార్పించుకున్నారు. కంపెనీకి కట్టిన ఫీజు వెనక్కి రాలేదు, రాదు కూడా.

ఇంతా తిట్టాక రెండో వైపు. కమ్మనహళ్లిలో బ్యూటీ పార్లర్ నడిపే ఒకావిడ, నెల్లూరు వైపు మనిషి, లాక్‌డౌన్‌లో మునిగిపోయారు. ఆవిడ అప్పులన్నీ రెండేళ్లు దాటి పాతబడ్డాయి, సిబిల్ అప్పటికే పోయింది, పోవడానికి ఇంకేం లేదు. ఊళ్లో స్థలం అమ్మిన డబ్బు చేతికొచ్చింది. బ్యాంకులతో మాట్లాడే ఓపికా, ధైర్యమూ లేవు. కంపెనీ వాళ్లు నాలుగు ఖాతాలకు లెటర్లు తెచ్చారు, ఆవిడ కట్టేసి బయటపడ్డారు. ఫీజు ఎక్కువే అయినా ‘పోనీలే, నిద్ర పడుతోంది’ అన్నారు. అది నిజమే. పాతబడిన అప్పు, చేతిలో ఏకమొత్తం, సెటిల్ అయ్యాకే ఫీజు, ఈ మూడూ ఉన్నచోట నేనూ వద్దనను. మీ దగ్గర ఒక్కటీ లేదు. అప్పు రెండు నెలలది, చేతిలో డబ్బు లేదు, ఫీజు ముందే మొదలైంది. పైగా జీతం వస్తోంది, అది బ్యాంకుకు కనబడుతుంది. జీతమున్నవాడికి మా పట్టీలో పెద్ద తగ్గింపు ఉండేదే కాదు.

ఇప్పుడు ఏం చేయాలి. మీకు ఉన్న పెద్ద బలం 90 రోజులు ఇంకా దాటకపోవడం. ఈ కిటికీ మూసుకునేలోపు మూడు కార్డుల వాళ్లకూ, ఇద్దరు లోన్ల వాళ్లకూ విడివిడిగా మెయిల్ రాయండి. ఉద్యోగం పోయిన లెటర్, కొత్త ఆఫర్ లెటర్, జీతం పడ్డ స్టేట్‌మెంట్ జతచేయండి. లోన్లకు గడువు పెంచమని, కార్డు బాకీని తక్కువ వడ్డీకి ఈఎంఐ కింద మార్చమని అడగండి. కస్టమర్ కేర్ అమ్మాయితో మొత్తుకోవద్దు, ఆమెకు అధికారం ఉండదు. బ్యాంకు వెబ్‌సైట్‌లో నోడల్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే పై అధికారి) మెయిల్ ఉంటుంది, దానికి రాయండి, బ్రాంచికీ వెళ్లండి. ‘దయచేసి’ అని నాలుగు పేజీలు రాసినవాళ్ల కంటే ‘నెలకు ఇంత కట్టగలను, ఫలానా తేదీ నుంచి’ అని నాలుగు లైన్లు రాసినవాళ్ల ఫైలే మా దగ్గర ముందు కదిలేది.

లెక్క ఇలా ఉంటుంది. రెండు లోన్ల ఈఎంఐలు 14,500, 9,500 అన్నారు, కలిపి 24,000. 33,000లో మిగిలేది 9,000. పెద్ద కార్డులు రెండూ కలిపి 3,60,000ను 18 శాతం మీద అయిదేళ్లకు మారిస్తే నెలకు సుమారు 9,140. అటూ ఇటూగా సరిపోయింది. 60,000 కార్డును ఇంట్లో చెప్పాక ఒక నగ కుదువబెట్టయినా ముందు క్లోజ్ చేయండి. బ్యాంకులో బంగారం మీద వడ్డీ కార్డు వడ్డీ కన్నా చాలా తక్కువ, ఒక కాల్ సెంటర్ తగ్గుతుంది. కంపెనీకి పోయే 7,000 మీ దగ్గరే ఉండటం వల్లే ఈ లెక్క కుదురుతోంది, గమనించండి. అయితే చాలా ఇరుకు. ఇంట్లో ఒకరు ఆసుపత్రి పాలైతే తప్పుతుంది. అందుకే బ్యాంకు లోన్‌ను ఇంకో ఏడాది, రెండేళ్లు పొడిగించమని కూడా అడగండి.

బ్యాంకు మార్చనంటే? ఒక్కో బ్యాంకు అంటుంది. అప్పుడు అన్నిటినీ ఆపొద్దు, ఒక్కదాన్ని మాత్రమే వెనక్కి నెట్టండి. సెటిల్‌మెంట్ ఎప్పుడూ ఖాతాకు ఖాతాగా జరుగుతుంది, మనిషికి మొత్తంగా కాదు. కంపెనీలు అయిదింటినీ ప్లానులోకి లాగేది తమ శాతం కోసం. మీరైతే 2,15,000 కార్డు ఒక్కటి వదిలి, మిగతావి క్రమం తప్పకుండా కట్టుకుంటూ, పక్కన కొంత పోగేసి, ఎన్‌పీఏ అయ్యాక ఆ ఒక్క బ్యాంకుతో మీరే కూర్చోవచ్చు. ఆ కార్డు బ్యాంకులోనే జీతం ఖాతా ఉంటే మాత్రం ముందు జీతం వేరే బ్యాంకుకు మార్చుకోండి. ఉన్న డబ్బును బాకీకి సర్దుకునే హక్కు బ్యాంకుకు ఉంటుంది, ఒకటో తారీఖున ఖాతా హోల్డ్‌లో పడితే అద్దెకు కూడా ఉండదు. ఇది మాత్రం కంపెనీ వాళ్లు చెప్పే సలహాల్లో సరైనదే.

కోర్టు నుంచి లోక్ అదాలత్ నోటీసు వస్తే భయపడి దాక్కోవద్దు, అదే మంచి చోటు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, బ్యాంకు అధికారి అధికారంతోనే వస్తాడు. అక్కడ రాసుకున్నది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు లేదు. కాబట్టి కట్టగలిగిన అంకెకే ఒప్పుకోండి. ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చేయవచ్చు, లేదా సిద్దయ్య రోడ్డులో న్యాయ దేగుల భవనంలోని కర్ణాటక న్యాయసేవల ప్రాధికార సంస్థ ఆఫీసుకు నేరుగా వెళ్లవచ్చు. కన్నడ రాదని జంకొద్దు, ఈ ఊళ్లో తెలుగు వినని ఆఫీసు నేను చూడలేదు.

సెటిల్‌మెంట్ లెటర్ చేతికొస్తే, అది ఎవరు తెచ్చినా, ఈ విషయాలు చూడండి. బ్యాంకు లెటర్‌హెడ్ మీద మీ పేరు, ఖాతా నంబరు, కట్టాల్సిన మొత్తం, ఆఖరు తేదీ ఉండాలి. ‘ఇది కట్టాక ఇంకే బాకీ లేదు’ అన్న మాట ఉండాలి. వాయిదాల్లో అయితే ‘ఒక్క వాయిదా తప్పినా ఆఫర్ రద్దు’ అనే లైను దాదాపు అన్నిటిలో ఉంటుంది, కట్టినది మొత్తం బాకీలో జమ అయిపోయి మళ్లీ మొదటికి వస్తారు. నాలుగో వాయిదా రెండు రోజులు ఆలస్యమై రద్దయిన ఫైళ్లు మా దగ్గర పడి ఉండేవి. వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్‌ను నమ్మొద్దు, నోడల్ మెయిల్‌కు పంపి ‘ఇది మీరిచ్చిందేనా’ అని రాతపూర్వకంగా అడగండి. డబ్బు మీ లోన్ ఖాతాలోకే వెళ్లాలి. ఏజెంటు యూపీఐకి, కంపెనీ ఖాతాకు వేయమంటే అక్కడితో ఆపేయండి. కట్టాక ఎన్‌ఓసీ (ఇక బాకీ లేదన్న కాగితం) తీసుకోండి, తర్వాత క్రెడిట్ రిపోర్టు చూసుకోండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ నలుగురూ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. తప్పుంటే ఫిర్యాదు పెట్టండి, 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నియమం 2024 ఏప్రిల్ నుంచి ఉంది.

ఇక మీరు ఇప్పటికే కట్టిన 7,000. ముందు నెలనెలా ఫీజు లాగడానికి వాళ్లకు ఆటో డెబిట్ ఇచ్చారా చూసుకోండి, ఇచ్చి ఉంటే యూపీఐ యాప్‌లోనో, నెట్ బ్యాంకింగ్‌లోనో ఇవాళే రద్దు చేయండి. తర్వాత కంపెనీకి మెయిల్‌లో రాయండి, సర్వీసు రద్దు చేసుకుంటున్నాను, నా తరఫున మాట్లాడేందుకు ఇచ్చిన అధికార పత్రం వెనక్కి తీసుకుంటున్నాను, ఫీజు తిరిగివ్వండి అని. అదే మెయిల్ కాపీ అయిదు రుణ సంస్థలకూ పెట్టండి. కాల్ ఫార్వర్డింగ్ పెట్టి ఉంటే తీసేయండి. ‘నాన్ రిఫండబుల్’ అని ఒప్పందంలో ఉందంటారు. పని మొదలుపెట్టకుండానే డబ్బు ఉంచుకోవడం, ‘గ్యారంటీగా సగానికి’ అని చెప్పి అమ్మడం వినియోగదారుల చట్టం కింద ప్రశ్నించదగ్గవే. 1915 హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెడితే కొన్ని కంపెనీలు అక్కడే దిగొస్తాయి. దిగిరాకపోతే మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఆన్‌లైన్‌లోనే కేసు వేయవచ్చు, 5 లక్షల లోపు వాటికి కోర్టు ఫీజు లేదు. ‘సగానికి’ అని వాళ్లు పంపిన వాట్సాప్ మెసేజీలు అప్పటిదాకా డిలీట్ చేయకండి. ఒప్పందంలో ఫీజు, రద్దు గురించి ఉన్న పేజీలు పేరు, నంబర్లు చెరిపేసి పెడితే, మెయిల్‌లో ఏ క్లాజు పట్టుకుని అడగాలో చూసి చెబుతాను.